అరవై అడుగుల గుల్ల

మొదటి రోజు, బుధవారం: రెడ్‌మండ్

మూడు వారాలుగా అమెరికాలో నాకున్న పని ఒకటే, కిటికీ దగ్గర కూర్చుని వాన చూడడం. సియాటిల్ వాన మన వానలా కాదు. ఉరమదు, మెరవదు, అలాగని ఆగదు. జల్లెడ పట్టినట్టు సన్నగా రోజంతా కురుస్తూనే ఉంటుంది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి వెళ్లిపోతారు. మా ఆవిడ వంటిల్లు స్వాధీనం చేసుకుంది. నాకే ఏమీ తోచదు. ముప్పై నాలుగేళ్లు కరెంటు డిపార్టుమెంటులో స్తంభాల మధ్య తిరిగినవాణ్ణి, ఖాళీగా కూర్చోవడం చేతకాదు.

సాయంత్రం స్కూలు నుంచి వస్తూనే మనవరాలు అడిగింది, “తాతయ్యా, నా రోయింగ్ ప్రాక్టీస్ చూడ్డానికి వస్తావా?” అని. దానికి పదిహేనేళ్లు. ఏదో పడవల ఆట నేర్చుకుంటోందని ఏడాదిగా ఫోనులో వింటూనే ఉన్నాను. పిల్లల్ని సరదాగా నీళ్ల మీద తిప్పుతారేమో అనుకున్నా.

మేం వెళ్లేసరికి ఎనిమిది మంది ఆడపిల్లలు షెడ్డులోంచి ఒక పడవని బోర్లా పట్టుకుని, భుజాల మీద మోసుకొస్తున్నారు. పొడవు అరవై అడుగులకి ఒకటి రెండు తక్కువ ఉంటుందేమో. తొమ్మిదో పిల్ల, అందరికంటే పొట్టిది, పక్కన నడుస్తూ “ఎడమకి, నెమ్మది, తల జాగ్రత్త” అని అరుస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను.

మా నాన్న తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రి. చేపల వేటకి చిన్న నావలూ కట్టాడు, సరుకు మోసే పెద్ద పడవలూ కట్టాడు. అరవై అడుగుల పడవంటే నాకు తెలిసిన లెక్క వేరు. టేకు పలకలు, తుమ్మకర్ర పక్కటెముకలు, సందుల్లో కూరిన దూది, దాని మీద నూనెతో కాచి పోసిన గుగ్గిలం. దాన్ని నీళ్లలోకి దింపాలంటే కొబ్బరికాయ కొట్టాలి, కింద దుంగలు పరవాలి, ఊళ్లో మగాళ్లంతా వచ్చి తొయ్యాలి. ఇక్కడ హోంవర్కు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు ఎత్తుకుపోతున్నారు.

“ఎంత బరువే ఇది?”

“వంద కేజీలు ఉంటుంది తాతయ్యా. ఒలింపిక్స్‌లో అయితే తొంభై ఆరుకి తగ్గకూడదని రూలు.”

తగ్గకూడదట! బరువు తగ్గించడంలో జనం హద్దు దాటకుండా రూలు పెట్టాల్సి వచ్చిందన్నమాట. ఒక్క మనిషి తెడ్లు వేసే పడవకి ఆ హద్దు 14 కేజీలు. మా ఇంటికొచ్చే బియ్యం బస్తా దానికంటే బరువు.

వాళ్లు కాసేపు ఆగితే వంగి పడవ కిందికి దూరాను. వెడల్పు రెండడుగులే. అడుగు భాగం వెదురుబొంగుని నిలువునా చీల్చినట్టు గుండ్రంగా ఉంది. అడుగున వెన్నుకర్రలాంటిదేమీ లేదు, వెనక వైపు అరచెయ్యంత రెక్క ఒకటి తప్ప. ముక్కు కొనకి నిమ్మకాయంత రబ్బరు బంతి తగిలించి ఉంది. ఎందుకని అడిగితే, ఇంత వాడి ముక్కు ఎవరికైనా తగిలితే బల్లెంలా దిగబడుతుంది కదా అంది మనవరాలు. ఈ రేసు పడవల్ని వీళ్లు ‘షెల్’ అంటారట. అంటే గుల్ల. పేరు సరిగ్గా పెట్టారు.

నీళ్లలో దించాక చూస్తే ఇంకో వింత. తెడ్లు వేసేవాళ్లంతా వెనక్కి తిరిగి కూర్చుంటారు, ఎటు పోతున్నామో వాళ్లకి కనపడదు. ముందుకి చూసేది ఆ పొట్టి పిల్ల ఒక్కతే. చుక్కానీ తనదే, అరుపులూ తనవే. ఆ పిల్లని ‘కాక్స్’ అంటారు. మన సరంగు లాంటిదన్నమాట. తెడ్లు నీటి మీద ఆనించి ఉంచినంతసేపే పడవ నిలుస్తుంది. రెండు వైపులా ఎత్తేశారంటే అందరూ నీళ్లలోనే.

పడవ పక్కన కంపెనీ పేరుంది: పోకాక్. “ఇక్కడికి దగ్గరే, ఎవరెట్‌లో చేస్తారు” అంది మనవరాలు. రాత్రి భోజనాల దగ్గర అల్లుడు నా మొహం చూసి, “మామయ్యగారూ, చూడాలనుందా?” అన్నాడు. నేను మొహమాటపడుతుండగానే వాళ్లకి మెయిల్ పెట్టేశాడు. పడుకునే లోపే జవాబు వచ్చింది, శుక్రవారం రమ్మని.

రెండో రోజు, గురువారం: యూనివర్సిటీ ఒడ్డున

శుక్రవారం దాకా ఆగలేక ఇవాళే బస్సెక్కి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి పోయాను. ఈ కంపెనీ పుట్టిన చోటు అక్కడే ఉందని అల్లుడు చెప్పాడు. గొడుగు తీసుకెళ్లమని మా ఆవిడ పోరు. ఈ ఊళ్లో గొడుగు వేసేది మనబోటి చుట్టాలేనని, ఊరివాళ్లు తడుస్తూ తిరుగుతారని అప్పటికే కనిపెట్టాను. అయినా తీసుకెళ్లాను.

ఫుట్‌బాల్ స్టేడియం దాటి కిందికి నడిస్తే మాంట్‌లేక్ కట్ అనే కాలవ. పెద్ద సరస్సు లేక్ వాషింగ్టన్‌ని లేక్ యూనియన్‌తోనూ, అటునుంచి సముద్రంతోనూ కలపడానికి తవ్వారు. 1916లో నీళ్లు వదిలితే పెద్ద సరస్సు మట్టం దాదాపు తొమ్మిది అడుగులు పడిపోయిందట. దాని దక్షిణపు కొసన బయటికి పారే నది ఒకటి అలాగే ఎండిపోయింది. ఒక చోట తవ్వితే ఇంకో చోట ఎండడం గోదావరి కాలవల మధ్య పుట్టినవాడికి కొత్త సంగతి కాదు.

ఆ కాలవ మొదట్లో నీటి ఒడ్డున ఒక పాత చెక్క హ్యాంగర్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, నీటి మీద దిగే విమానాల కోసం నేవీ కట్టింది. యుద్ధం ముగియడంతో విమానాలు రాలేదు, పడవలు వచ్చాయి. యూనివర్సిటీ రోయింగ్ జట్టు 1949 దాకా ఇక్కడే ఉంది. పై అటకలో జార్జ్ పోకాక్ పని చేసుకునేవాడు.

ఆయన కథ ఇక్కడ అందరికీ నోటికి వచ్చు. 1891లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి ఈటన్ స్కూలుకి పడవలు కట్టే మేస్త్రి. జార్జ్ తన చేత్తో కట్టుకున్న పడవ మీద థేమ్స్ నది పందెంలో 50 పౌండ్లు గెలిచాడు. తండ్రి ఉద్యోగం పోయేసరికి ఆ డబ్బు చార్జీలకి పనికొచ్చింది. అన్న డిక్‌తో కలిసి 1911లో కెనడాలోని వాంకూవర్ చేరాడు. అక్కడ నీళ్ల మీద తేలే షెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని పడవలు మొదలుపెట్టారు.

మరుసటి ఏడు ఒకాయన తెడ్లతో కుస్తీ పడుతూ వాళ్ల షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఆయనే హిరమ్ కోనిబేర్, ఈ యూనివర్సిటీ రోయింగ్ కోచ్. కోచ్ అయ్యేనాటికి ఆయనకి రోయింగ్ తెలియదు. పడవ సీటు మీద మనిషి అస్థిపంజరాన్ని కూర్చోబెట్టి, చేతికి చీపురు కర్ర కట్టి, ఎముకలు ఎటు కదులుతున్నాయో చూసి నేర్చుకున్నాడని చెబుతారు. పన్నెండు పడవలు కావాలన్నాడు. అన్నదమ్ములు సంబరంగా తండ్రికి కూడా రమ్మని కబురు పెట్టేశారు. తర్వాత కోచ్ నుంచి ఇంకో కబురు: డబ్బు ఒక్క పడవకే సరిపోతుందట. ఆర్డరు చేతికొచ్చేదాకా చుట్టాలకి చెప్పొద్దని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. పాపం, వీళ్లకి చెప్పేవాళ్లు లేరు.

ఆ కోచ్ 1917లో రేగిపళ్లలాంటి ప్లమ్ పళ్లు కొయ్యడానికి చెట్టెక్కి, జారిపడి చనిపోయాడు. ఎందుకో ఆ మాట నాకు రోజంతా గుర్తొస్తూనే ఉంది.

వాంకూవర్ నుంచి ఇక్కడికి వచ్చేసిన పోకాక్ సోదరుల పని బోయింగ్ కళ్లలో పడింది. విలియం బోయింగ్ అప్పుడే విమానాలు మొదలుపెట్టాడు. నీటి మీద దిగే విమానానికి కాళ్ల బదులు రెండు పడవల్లాంటి తేలే తొట్లు కావాలి. పలచటి చెక్కతో, నీరు చొరకుండా, తేలిగ్గా చెయ్యగలిగినవాళ్లు వీళ్లే. అలా జార్జ్ పోకాక్ కొన్నేళ్లు విమానాల ఫ్యాక్టరీలో పని చేసి, 1922 చివర్లో మళ్లీ పడవల పనికి వచ్చి ఈ అటక ఎక్కాడు. అన్న యేల్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

పైకి చూస్తే వాలు గోడలు, దూలాలు. వాన చప్పుడు. ఇంత ఎత్తు చూరు కింద నిలబడితే మా షెడ్డే గుర్తొచ్చింది. తాటాకు కప్పు, కింద రంపపు పొట్టులో పడుకున్న కుక్క.

కర్ర గురించి చెప్పకపోతే నాకు తోచదు. మొదట్లో అందరూ దక్షిణ అమెరికా నుంచి తెప్పించిన స్పానిష్ సెడార్ వాడేవారు. 1927 ప్రాంతంలో పోకాక్ తన పెరట్లో ఉన్న కర్ర వైపు చూశాడు: ఎర్ర సెడార్. ఈ తీరపు ఆదివాసులు తరతరాలుగా దాని మానులు తొలిచి దోనెలు చేసుకునేవాళ్లు, మన కొల్లేట్లో తాటి దోనెలు తొలిచినట్టే. తేలిక, కుళ్లదు, సూటిగా చీలుతుంది. దాన్ని ఆవిరి పట్టి, అంగుళంలో ముప్పై రెండో వంతులు మూడంటే మూడు మందాన పలకగా చేసి, పడవకి చర్మంలా తొడిగేవాడు. రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. అప్పడానికి కాస్త ఎక్కువ. ముందూ వెనకా పైకప్పుకి చెక్క కూడా దండగని పట్టుబట్ట సాగదీసి వార్నిష్ పూసేవాడు.

ఇంకో మాట చెప్పారు. పొడి సెడార్ పలకని చట్రానికి బిగిస్తే తర్వాత తేమ పీల్చుకుని నిలువునా సాగాలని చూస్తుందట. చట్రం సాగనివ్వదు. ఆ పెనుగులాటలో పడవ రెండు కొనలూ విల్లులా రవ్వంత పైకి లేస్తాయి, అందుకే తెడ్డు వెయ్యగానే ఎగిరి దూకుతుంది అన్నది పోకాక్ లెక్క. వడ్రంగి కొడుకుని, ఇది నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. తేమకి కర్ర అడ్డంగా ఉబ్బుతుందిగానీ నిలువునా ఏం ఉబ్బుతుంది? కానీ ఆ పడవలు గెలిచాయి. గెలిచిన పడవతో వాదన పెట్టుకోలేం.

ఎంత గెలిచిందో కాస్త దూరంలో ఉన్న కోనిబేర్ షెల్‌హౌస్‌లో వేలాడుతోంది. పేరు హస్కీ క్లిప్పర్. జట్టు పిల్లలు భోజనం చేసే హాల్లో, వాళ్ల నెత్తి మీద, కప్పు నుంచి. కింద ట్రేల చప్పుళ్లు, సాస్ సీసాలు. అద్దాల పెట్టెలో పెట్టకుండా తిండి దగ్గర పెట్టడం నాకు నచ్చింది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఈ యూనివర్సిటీ కుర్రాళ్లు ఎంపికయ్యారు. వెళ్లడానికి మాత్రం మీ డబ్బు మీరే చూసుకోమన్నారు, 5,000 డాలర్లు. సియాటిల్ ఊరు కొద్ది రోజుల్లోనే చందాలు వేసి పంపింది. పడవ కూడా వాళ్లతోపాటే ఓడెక్కింది. ఆగస్టు 14న ఫైనల్. గాలి బాగా తగిలే చివరి లేన్ వీళ్లకి పడింది. వేగం నడిపించాల్సిన డాన్ హ్యూమ్ జ్వరంతో ఉన్నాడు. హిట్లర్ గ్యాలరీలో ఉన్నాడు. 2,000 మీటర్లకి అమెరికా 6 నిమిషాల 25.4 సెకన్లు, ఇటలీ 26.0, జర్మనీ 26.4. మూడు దేశాల మధ్య ఒక్క సెకను తేడా.

మూడో రోజు, శుక్రవారం: ఎవరెట్

అల్లుడు సెలవు పెట్టి తీసుకెళ్లాడు. ఎవరెట్ ఇక్కడికి ఉత్తరంగా నలభై నిమిషాలు. దారిలో బోయింగ్ ఫ్యాక్టరీ కనిపించింది. ఘనపరిమాణంలో ప్రపంచంలోనే అతి పెద్ద భవనమట. అప్పుడు విమానాలు పడవల మేస్త్రిని పిలుచుకున్నాయి, ఇప్పుడు పడవలు విమానాల పక్కన ఇల్లు కట్టుకున్నాయి.

పోకాక్ కార్ఖానా మాత్రం బయటికి మామూలు షెడ్డు. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుతో వెతికాను. కర్ర వాసన లేదు. రెసిన్ వాసన. తెలిసిన వాసనే. తాళ్లరేవులో తమ్ముడి చొక్కాకి ఉండేది.

ఆ సంగతి చెప్పాలి. సునామీ తర్వాత మా తీరానికి ఫైబర్ బోట్లు వరదలా వచ్చాయి. చెక్క నావలు అడిగేవాడు తగ్గిపోయాడు. ఒక ఫైబర్ యార్డు వాళ్లు నాన్నని పనికి పిలిచారు. ఆయన వెళ్లి ఒక పూట చూసి వచ్చేశాడు. “అచ్చులో పోస్తే వచ్చేది ఇడ్లీరా, పడవ కాదు” అన్నాడు. తమ్ముడు మాత్రం ఆ యార్డులో చేరాడు. నాన్న రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. ఒకే వసారాలో, ఒకే వేళకి, మొహాలు చెరో వైపు తిప్పుకుని అన్నం తినేవారు. నేను అప్పుడు రాజమండ్రిలో ఉద్యోగంలో ఉన్నాను. మధ్యలో దూరలేదు.

సరే, కార్ఖానా. చూపించినతను ముప్పై ఏళ్ల కుర్రాడు, చదువుకునే రోజుల్లో తనూ రోయింగ్ చేశాడట. రేసు పడవల పని ఇప్పుడు ఎక్కడైనా దాదాపు ఇంతే అన్నాడు. ముందు అచ్చు. పడవ బయటి ఆకారానికి లోపలి పోలికలో, అద్దంలా నునుపుగా ఉంటుంది, అంత పొడవునా. అందులో కార్బన్ గుడ్డ పరుస్తారు. చూడ్డానికి నల్ల గోనెపట్టాలా ఉంటుందిగానీ చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. రెసిన్ ముందే పట్టించిన గుడ్డ అయితే ఫ్రీజర్లో పెట్టాలి, లేకపోతే దానంతట అదే గట్టిపడడం మొదలుపెడుతుంది. పైన తేనెపట్టులాంటి పలచటి పొర. అచ్చంగా తేనెపట్టే, ఆరు పలకల గళ్లు, లోపల గాలి తప్ప ఏమీ లేదు. దాని మీద మళ్లీ కార్బన్. రెండు అప్పడాల మధ్య గాలిని బంధించినట్టు. ఆ తర్వాత మొత్తానికీ ప్లాస్టిక్ సంచి తొడిగి, పంపుతో గాలి లాగేస్తారు. బయటి గాలే వెయ్యి చేతులై పొరల్ని అచ్చుకి అదుముతుంది. అలాగే వేడి గదిలో పెట్టి గట్టిపరుస్తారు.

ఒక చిన్న ముక్క నా చేతికిచ్చి వంచమన్నాడు. కాలు పెట్టి నొక్కినా వంగలేదు. రేసు పడవకి తేలిక ఒక్కటే చాలదని అప్పుడు చెప్పాడు. ఎనిమిది మంది ఒక్కసారి కాళ్లతో తన్నినప్పుడు పడవ మెలితిరిగితే, ఆ బలంలో కొంత మెలికలోనే ఖర్చయిపోతుంది. రాయిలాగా బిగుసుకుని ఉంటేనే బలమంతా నీటికి పోతుంది. కాళ్లతో అని ఎందుకన్నానంటే, ఈ పడవల్లో సీటు చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పాదాలు బూట్లలో బిగించి ఉంటాయి. చూసేవాళ్లకి చేతుల పని, నిజానికి తొడల పని.

“ఈ అడుగు ఇంత గుండ్రంగా ఎందుకు? నిలవదు కదా” అన్నాను. అల్లుడు ఇంగ్లీషులో అడిగాడు. ఆ కుర్రాడికి ఇష్టమైన ప్రశ్న అనుకుంటా, కాగితం తీసి బొమ్మ గీశాడు. పడవని ఆపేది చాలా మటుకు చర్మానికి రాసుకునే నీరే. కాబట్టి నీటికి తగిలే చర్మం ఎంత తక్కువుంటే అంత మంచిది. అదే బరువు మోస్తూ అతి తక్కువ చర్మం తగిలించే ఆకారం అర్ధ వృత్తం. పడవ నిలబెట్టే పని తెడ్లు వేసేవాళ్లకే వదిలేస్తారు. మా నాన్న పడవ మనుషులు నిద్రపోయినా నిలబడేది. ఈ పడవ మెలకువగా ఉన్నవాళ్లనే మోస్తుంది.

ఇంకోటి విని ఆశ్చర్యపోయాను. ఎనిమిది మంది పడవల్లోనే జట్టు బరువుని బట్టి వేరువేరు అచ్చులుంటాయట. చిన్నపిల్లల జట్టుని పెద్దవాళ్ల పడవలో కూర్చోబెడితే నీటి పైకి తేలిపోతారు, తెడ్లు సరిగా అందవు. బరువైన జట్టుని చిన్న పడవలో పెడితే లోతుకి దిగబడి ఈడ్చుకుపోతుంది. దర్జీ కొలత తీసుకున్నట్టే.

కంపెనీ 1980ల్లో పోకాక్ కుటుంబం చేతిలోంచి, తనూ రోయింగ్ చేసిన బిల్ టైటస్ అనే ఆయన చేతికి వచ్చింది. కార్బన్ పడవలు మొదలైంది ఆ దశాబ్దంలోనే. అంతకు ముందే జార్జ్ కొడుకు స్టాన్ పోకాక్ ఫైబర్ గ్లాసుతో పడవలు చేసి చూశాడు. తండ్రేమో దేశంలోనే పేరున్న సెడార్ మేస్త్రి, కొడుకు చేతిలో ఫైబర్. ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాటలెలా ఉండేవో అనిపించింది. కుర్రాణ్ణి అడగలేదు.

చివరికి నాకు కావలసింది అడిగాను. “మరి అచ్చు ఎక్కణ్నుంచి వస్తుంది?”

అచ్చు తియ్యడానికి ముందు అసలు పడవ ఆకారం ఒకటి చెయ్యాలి. మొదట కంప్యూటర్లో లెక్కలు కడతారు, యంత్రం కోస్తుంది. కానీ ఆఖరికి చేత్తో రుద్దాలి అన్నాడు. అరవై అడుగుల పొడవునా, పొడవాటి పట్టీ మీద గరుకు కాగితం పెట్టి, దీపం పక్క నుంచి వేసి నీడ చూస్తూ, ఎక్కడ రవ్వంత ఎత్తుపల్లం ఉందో అరచేత్తో తడుముతూ. అక్కడ తప్పు జరిగితే ఆ అచ్చులో పుట్టే ప్రతి పడవకీ అదే తప్పు వస్తుంది. అతను కళ్లు మూసుకుని, గాల్లో అరచెయ్యి సాగదీసి చూపించాడు. మా నాన్న చెయ్యి అలాగే కదిలేది. కళ్లు మూసుకునే.

వచ్చేటప్పుడు కారులో అల్లుడు ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతున్నాను.

నాలుగో రోజు, శనివారం: పందెం

మే మొదటి శనివారం ఇక్కడ పడవల పండగ. మాంట్‌లేక్ కట్‌లో విండర్‌మియర్ కప్ పందేలు, 1987 నుంచీ జరుగుతున్నాయి. మా ఆవిడ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. ఏకంగా దుప్పటి, ఫ్లాస్కు, ఆవకాయ సీసా. ఏలేశ్వరం తీర్థానికి వెళ్తున్నట్టుంది.

కాలవకి రెండు వైపులా జనం. సిమెంటు గోడల మీద ఏళ్ల తరబడి జట్ల పిల్లలు రంగులతో వేసుకున్న పేర్లు, సంవత్సరాలు. అవతల సరస్సులో మోటారు పడవలు, తెరచాప పడవలు వరసకట్టి లంగరేసి ఉన్నాయి. పందేలయ్యాక అవన్నీ ఊరేగింపుగా ఇదే కాలవలోంచి పోతాయట.

పందెం గురించి రాయడానికి పెద్దగా లేదు, ఎందుకంటే కనపడేది అరనిమిషమే. మొదట దూరం నుంచి కాక్స్ అరుపులు. తర్వాత నీటి మీద రెండు గీతలు. దగ్గరికొచ్చాక సీట్లు జరిగే గరగర, ఎనిమిది తెడ్లు ఒక్కసారి తిరిగే ‘టక్’ మన్న చప్పుడు. పడవ సాఫీగా పోతుందనుకున్నాను. కాదు, ఆగి ఆగి దూకుతుంది. తెడ్డు లాగినప్పుడల్లా ఊపిరి పీల్చినట్టు ముందుకి. మా ఆవిడ పులిహోర గరిటె పట్టుకుని లేచి నిలబడి ఎవరో తెలియని జట్టు కోసం అరిచేసింది.

“1936లో ఆరు నిమిషాల ఇరవై అయిదు కదా తాతయ్యా, ఇప్పుడు మగవాళ్ల ఎనిమిది మంది పడవ వరల్డ్ బెస్ట్ ఎంతో తెలుసా?” అని అడిగింది మనవరాలు. 2017లో జర్మనీ జట్టు 5 నిమిషాల 18.68 సెకన్లలో ముగించిందట. గాలిని బట్టి రోజుకో లెక్క మారుతుంది కాబట్టి పక్కపక్కన పెట్టి చూడకూడదని అదే మళ్లీ చెప్పింది. అయినా నిమిషానికి పైగా తేడా. తెడ్లు కూడా మారాయిగా. అప్పుడు చెక్కవి, ఆకు కొనలా సన్నగా ఉండేవి. 1991లో గొడ్డలి రేకులాంటి అడ్డదిడ్డపు ఆకారం ఒకటి వచ్చాక పాతవి ఒడ్డెక్కాయి. పడవదెంత, తెడ్డుదెంత, తిండిదెంత అని తేల్చడానికి మేం ఇద్దరం సాయంత్రం దాకా వాదించుకున్నాం. తిండిదే ఎక్కువని మా ఆవిడ తీర్పు.

అయిదో రోజు, ఆదివారం: పెరడు

ఎక్కడికీ వెళ్లలేదు. ఎండ వచ్చింది.

పెరటి కంచెలో రెండు పలకలు చీకిపోయాయని అల్లుడు హార్డ్‌వేర్ దుకాణం నుంచి కొత్తవి తెచ్చాడు. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా తగిలింది. రంగు లేత ఇటుక. వాసన చూశాను. “ఏం కర్ర బాబూ ఇది?” అంటే, “వెస్టర్న్ రెడ్ సెడార్ మామయ్యగారూ, ఇక్కడ కంచెలన్నీ దీంతోనే” అన్నాడు. పోకాక్ పడవ చర్మం మూడు వారాలుగా నా కిటికీ ఎదురుగానే నిలబడి తడుస్తోంది.

మిగిలిన ముక్క తీసుకుని చిత్రిక కావాలన్నాను. అల్లుడు మళ్లీ దుకాణానికి వెళ్లి తెచ్చాడు, పాపం. మెట్ల మీద పలక బిగించి చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. యాభై ఏళ్ల తర్వాత. మొదటి తాపు గీరుకుపోయింది, రెండోది కొరికింది, అయిదారు తాపులకి చెయ్యి దారిలో పడింది. పొట్టు రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుంటూ వస్తోంది. మనవరాలు స్కేలు పట్టుకుని పక్కనే కూర్చుంది. “ఏడు మిల్లీమీటర్లు.” “అయిదు.” “నాలుగు.” రెండున్నర దాకా పోదామనుకున్నాం. మూడున్నర దగ్గర చిటుక్కున చీలింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి పదకొండు. నా చేతిలో చిత్రిక చూసి, “ఏం చేస్తున్నావన్నయ్యా?” అని నవ్వాడు. ఎవరెట్ సంగతంతా చెప్పాను. కార్బన్, తేనెపట్టు, సంచి తొడగడం. పనివాడు కదా, మధ్యమధ్యలో నాకంటే ముందే చెప్పేస్తున్నాడు. అరచేత్తో తడమడం గురించి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నా.

“ఒరే, మీ యార్డులో మొదటి అచ్చు ఎక్కణ్నుంచి తీశారు?” అన్నాను.

“నాన్న కట్టిన నావ మీదే అన్నయ్యా. ఇరవై ఎనిమిదడుగులది, కాపులపాలెం వాళ్లకి కట్టాడు చూడు, అది. వాళ్లు అమ్మేస్తుంటే ఓనరు చేత నేనే కొనిపించాను. బోర్లా వేసి, నునుపు చేసి, దాని మీదే అచ్చు పోశాం. ఇప్పటికీ అదే వాడతారు. ఎన్ని వందల బోట్లు పోశామో లెక్కలేదు.”

“నాన్నకి తెలుసా?”

“చెప్పలేదు. కానీ ఒకసారి రేవులో మా ఫైబర్ బోటు పక్కన ఆగి, ముక్కు కింద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. ఆ రాత్రి అన్నం తింటూ, ఉప్పు అందుకోరా అన్నాడు నాతో.”

మనవరాలు చీలిన పలక రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. “ఇంకో ముక్కుంది తాతయ్యా, మళ్లీ పడదామా?” అంది.